గోడ ఎక్కడ కట్టాలి

షెడ్డు నుంచి,
వాన తెరిపి ఇచ్చిన రోజు.

బావమరిదికి,

మీ అక్క పోయాక నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. రాత నాకు రాదని నీకు తెలుసు. చెక్క మీద పెన్సిలు గీత గీసే చెయ్యి ఇది. అక్షరాలు ఎటు పోతే అటు పోనీ, నువ్వే కూడబలుక్కుని చదువుకో.

నీ మేనల్లుడు పోయాడని ఫోనులో చెప్పాను. ఎక్కడ మట్టి చేశామో చెప్పలేదు. చెబితే నోటికి ఏదొస్తే అది తిడతానని ఫోను పెట్టేశాను. గోడ బయట చేశాం. సమాధుల తోటకి కాలువ వైపు గోడ ఉంది కదా, దాని అవతల, ముళ్లకంపల్లో. మీ అక్క గోడకి ఇటు, వాడు గోడకి అటు. వాడికి బాప్తిస్మం లేదట. ఎందుకు లేదంటే నోటితో ఒప్పుకోలేదట. పుట్టు చెవిటివాడు, మాట అనేది ఒకటి ఉందని కూడా తెలియనివాడు, నోటితో ఏం ఒప్పుకుంటాడు? కొత్త పాస్టరు మంచివాడే. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పెట్టుకుని, "తాతగారూ, సంఘం నియమం" అన్నాడు. నీ దగ్గర చదువుకున్నవాడే కదా. ఏడవడం బాగానే నేర్పావు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ వైపు గోడ మొన్నటి వానకి కూలింది. సరిగ్గా వాడి దగ్గరే. మళ్లీ కట్టాలి. ఎక్కడ కట్టాలో పెద్దలు కూర్చుని తేలుస్తారు. కాస్త అవతలికి జరిపి కడితే వాడు లోపలికి వచ్చేస్తాడు. తవ్వక్కర్లేదు, కదపక్కర్లేదు. గోడ జరిగితే చాలు, వాడు వాళ్లమ్మ పక్కన ఉంటాడు.

అడ్డం పడింది దర్జీ. పెద్దల్లో వాడి మాటే నెగ్గుతుంది. "ఆ అబ్బాయికి దేవుడు తెలుసని ఎవరైనా నిలబడి చెప్పగలరా? చెబితే జరుపుదాం" అన్నాడు. నా మాట చెల్లదు. గుడిలో బెంచీలన్నీ నేను చేసినవే, కూర్చునేది మాత్రం చివరి బెంచీ, అది కూడా మీ అక్క పోరు పడలేక. నీ మాట చెల్లుతుంది. పాస్టర్లకి పాఠాలు చెప్పే మనిషివి. ఒక్క ముక్క రాయి, వాడికి దేవుడు తెలుసని. అంతే.

నీ బావ


పాఠశాల, పై గది.

బావగారికి, ప్రభువు పేరట వందనాలు.

మీ ఉత్తరం అందింది. గోడ సంగతి చదివి ఆ రోజు క్లాసు చెప్పలేకపోయాను. పిల్లల్ని పంపేసి కిటికీ దగ్గర కూర్చున్నాను.

మీరు అడిగింది చిన్న ముక్కలా కనిపిస్తుంది గానీ, నేను ఇన్నేళ్లుగా ఈ గదిలో చెబుతున్న పాఠమంతా అదే. దేవుడు తన్ను తాను మనుషులందరికీ కనబరచుకున్నాడు. ఎవరినీ వదిలిపెట్టలేదు. ఆకాశంలో, వానలో, ఎండలో, పండే గింజలో ఆయన పనితనం కనిపిస్తుంది. లోపల మనస్సాక్షి ఉంది. తప్పు చేస్తే గుచ్చుతుంది. దీన్ని మేము సాధారణ ప్రత్యక్షత అంటాం. అందువల్ల దేవుడు నాకు తెలియదని సాకు చెప్పడానికి ఏ మనిషికీ వీలు లేదు. అయితే రక్షణకి అది చాలదు. దానికి వాక్యం వినాలి, కుమారుణ్ణి ఎరగాలి. ఇది విశేష ప్రత్యక్షత.

మన అబ్బాయి మొదటిది చూశాడు, అందులో సందేహం లేదు. రెండోది వాడి దాకా వచ్చిందని నేను సంతకం పెట్టి రాయాలంటే, నాకు తెలిసింది మాత్రమే రాయాలి. తీర్పు దేవుడిది. ఆయన న్యాయవంతుడు. ఆ న్యాయం మీద భారం వేసి ధైర్యంగా ఉండండి. మీ కోసం ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
మీ బావమరిది


షెడ్డు నుంచి,
మళ్లీ వాన.

బావమరిదికి,

"మీరు", "ఇట్లు", ఇదంతా ఏమిటిరా? నా భుజం మీద కూర్చుని సంత చూసినవాడివి. నీ లాగు జారిపోతే పైకి లాగింది నేను. నాకు మర్యాద వద్దు, జవాబు కావాలి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. ఆఖరిసారి అర్థమై, బయటికి పోయి ఉమ్మేసి వచ్చాను.

నేను అర్థం చేసుకున్నది చెబుతాను, తప్పయితే దిద్దు. దేవుడు నా కొడుక్కి ఆకాశం చూపించాడు. చూపించాడు కాబట్టి నాకు తెలియదని వాడు అనకూడదు. కానీ ఆకాశం చూస్తే రక్షణ రాదు. దానికి వినాలి. వినే చెవులు వాడికి దేవుడే ఇవ్వలేదు. అంటే శిక్ష వెయ్యడానికి సరిపడా చూపించాడు, గట్టెక్కించడానికి సరిపడా చూపించలేదు. ఇంతేనా నీ పాఠం? చెక్క తూకానికి అమ్మే అడితివాడు కూడా ఇంత మోసం చెయ్యడురా. నేను పొరపాటున ఒక కాలు పొట్టి కుర్చీ చేసి ఇచ్చి, కూర్చున్నవాడు పడితే, పడ్డందుకు వాణ్ణే కొడతానా?

చూశాడు. ఆకాశం చూశాడు, నేను కాదనను. షెడ్డు మెట్ల మీద కూర్చుని, పని మానేసి, మబ్బుల్ని చూస్తూ ఉండిపోయేవాడు. చిత్రిక పట్టాల్సిన చెక్క ఒళ్లో పెట్టుకుని. నేను కాలితో నేల తొక్కేవాణ్ణి. మా షెడ్డు నేల చెక్క నేల కదా, వాగు వాలు మీద దిమ్మెలు పాతి కట్టింది. ఈ చివర తొక్కితే ఆ చివర అదురుతుంది. వాడికి పిలుపంటే అదే. పేరు పెట్టాం గానీ ఆ పేరు వాడు ఒక్కసారీ వినలేదు. ఒక తొక్కు తొక్కితే రా అని. రెండు తొక్కితే త్వరగా రా అని. అంతకన్నా ఎక్కువ తొక్కానంటే నాకు కోపం వచ్చిందని. వాడు ఎప్పుడూ మూడో తొక్కు దాకా రానిచ్చేవాడు కాదు, పరిగెత్తుకొచ్చేవాడు. పనిలో మేలైనవాడు. నా అంత కాకపోయినా.

నాకు వాడితో పని సైగలే వచ్చు. పట్టుకో, వదిలెయ్, ఎత్తు, మేకు, జిగురు, ఆపు. ఇంటి సైగలు వాళ్లిద్దరివీ. షెడ్డు మూసేశాక వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని తల్లీ కొడుకూ చేతులు తిప్పుకుంటూ ఉండేవాళ్లు. నేను గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటూ, "మీ కోర్టు ఇంకా అవలేదా?" అనేవాణ్ణి. నువ్వు సెలవలకి వచ్చినప్పుడు వాళ్ల మధ్యే పీట వేసుకుని కూర్చునేవాడివి. నీకు ఆ సైగలు వచ్చు. ఆవిడ వాడికి దేవుడి సంగతి చెప్పిందా లేదా? అది రాయి. నీ పాఠాలు నాకు వద్దు.

నీ బావ


పాఠశాల నుంచి.

బావా,

నువ్వు తిట్టింది న్యాయమే. ఆ తిట్టు క్లాసులో పిల్లలకి చదివి వినిపించాను.

అక్క వాడికి చెప్పింది. రోజూ చెప్పింది. నేను నా కళ్లతో చూశాను. మొదటి ఉత్తరంలోనే ఇది రాయాల్సింది, రాయలేదు. ఎందుకో అడగొద్దు.

మీ పాస్టరుకి విడిగా ఉత్తరం వేశాను. మా మేనల్లుడికి దేవుడు తెలుసునని, నేనే సాక్షినని, సంతకం పెట్టి. పెద్దలు దానితో తృప్తిపడతారు. ఎలా చెప్పింది, ఏం సైగ చేసింది అనేది మాత్రం వద్దు బావా. అది తల్లీ కొడుకుల మధ్య సంగతి. వదిలేద్దాం.

దగ్గు తగ్గిందా? రాత్రిళ్లు షెడ్డులో పడుకోకు.

నీ
బావమరిది


షెడ్డు నుంచి,
గోడకి రాళ్లు దించిన మర్నాడు.

బావమరిదికి,

నీ ఉత్తరం చాల్లేదు.

పెద్దలు గుడిలో కూర్చున్నారు. నన్ను కూడా ముందు బెంచీలో కూర్చోబెట్టారు, నేరం చేసినవాణ్ణి కూర్చోబెట్టినట్టు. పాస్టరు నీ ఉత్తరం చదివాడు. చదివి మడిచి బల్ల మీద పెట్టాడు. పని అయిపోయింది అనుకున్నాను. దర్జీ కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. వాడు అలా తుడిచాడంటే ఎవరి కొలతో తీస్తాడని అర్థం.

"మాస్టారు అబద్ధం రాయరు" అన్నాడు. "అయితే తెలుసు అని రాశారు గానీ, ఏం తెలుసో రాయలేదు. ఎలా తెలిసిందో రాయలేదు. వినని మనిషికి, చదవని మనిషికి ఎలా చెప్పారండీ? రేపు ఇంకొకరు వచ్చి మావాడికీ తెలుసు, గోడ జరపండి అంటే ఏం చేస్తాం?"

"నీ శవానికి కొలత తీసేటప్పుడు చెబుతాలేరా" అన్నాను.

"చూశారా, కోపం" అన్నాడు వాడు అందరి వైపూ తిరిగి. "నేను మీ కొడుకు మీద పగతో అడగడం లేదు బాబాయ్. మా తమ్ముడు కూడా ఆ గోడ బయటే ఉన్నాడు. ఉరేసుకున్నాడని బయట పెట్టారు. నేను అప్పుడు ఒక్క మాట అనలేదు."

ఆ సంగతి మర్చిపోయాను.

చివరికి ఏం తేల్చారంటే, ఎలా చెప్పిందో తెలిస్తే జరుపుతారు. లేకపోతే పాత పునాది మీదే కడతారు. రాళ్లు దిగిపోయాయి. మేస్త్రీ ఆదివారం దాటాక దారం కడతాడు. కాబట్టి మీ తల్లీ కొడుకుల సంగతి, గాడిదగుడ్డు, అవన్నీ పక్కన పెట్టి రాయి. నువ్వు ఏదో దాస్తున్నావు. చిన్నప్పుడు దాచినా ఇలాగే దగ్గు గురించి అడిగేవాడివి.

ఆవిడ ఉంటే నాకు ఈ ఖర్మ ఉండేది కాదు. ఆసుపత్రిలో కూడా అదే అనుకున్నాను. వాడికి నెమ్ము చేసి ఊపిరి అందడం లేదు. నర్సు ఏదో అడుగుతుంది, వాడికి తెలియదు. వాడేదో చెబుతాడు, నర్సుకి తెలియదు. మధ్యలో నేను, మేకు, జిగురు, ఆపు తప్ప ఏమీ రానివాణ్ణి. ఆఖరి రోజు కాస్త తెలివిలోనే ఉన్నాడు. నన్ను చూసి పై పెదవి మీద వేళ్లు తిప్పాడు. అది నేను. నా మీసం. ఆ సైగ నాకు తెలుసు. ఇక్కడే ఉన్నానురా అని మంచం పట్టీ తట్టాను. మళ్లీ మీసం తిప్పాడు. తిప్పి, తన చెయ్యి తీసి తన తల మీద పెట్టుకున్నాడు. తలనొప్పి అనుకున్నాను. ఆగు అని సైగ చేశాను. వాడు మళ్లీ అదే చేశాడు, మీసం, తల మీద చెయ్యి. తొందర పడకు, తెస్తున్నా అని కోప్పడ్డాను కూడా. కింద మందుల కొట్టు దగ్గర జనం. తలనొప్పి మాత్ర తీసుకుని మెట్లెక్కి వచ్చేసరికి నర్సు దుప్పటి సర్దుతోంది.

ఇవన్నీ నీకు ఎందుకు రాస్తున్నానో. నువ్వు సైగ రాయి.

నీ బావ


పాఠశాల నుంచి,
తెల్లవారకముందు.

బావా,

నువ్వు ఆసుపత్రి సంగతి రాయకుండా ఉంటే నేను ఇది ఎప్పటికీ రాసేవాణ్ణి కాదు. ఇప్పుడు రాయకపోతే మనిషిని కాను. గోడ కోసం కూడా కాదు.

వాడు చిన్నప్పుడు అక్క నాతో అంది, "దేవుడనే సైగ ఎక్కణ్ణుంచి తెచ్చేదిరా? వాడికి తెలిసిన పెద్దది ఏముంది? ఆకాశం చూపిస్తే వాన అనుకుంటాడు. దీపం చూపిస్తే దీపం అనుకుంటాడు." చాలా రోజులు తిప్పలు పడింది. వాడికి తెలిసినవాళ్లలో అందరికన్నా పెద్దవాడివి నువ్వే. బలమైనవాడివి, ఇంటికి అన్నీ తెచ్చేవాడివి, అన్నీ చేసేవాడివి. నీ సైగ మీసం తిప్పడమని నీకు తెలుసు. సగమే తెలుసు. వంటింట్లో నీ సైగకి ఇంకో సగం ఉండేది. మీసం తిప్పి, మడమతో నేల తట్టేవాళ్లు. మీసం, తొక్కు. అది నువ్వు.

దేవుడికి అక్క మీసం ఉంచింది, తొక్కు తీసేసింది. మీసం తిప్పి, తొక్కకుండా, చెయ్యి చాపి వాడి తల మీద పెట్టేది. పెట్టి, చాలాసేపు అలాగే ఉంచేది. నేల తొక్కని నాన్న. తల మీద చెయ్యి వేసే నాన్న. కుమారుడి సంగతి, సిలువ సంగతి ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు చెప్పింది. మేకులు వాడికి తెలుసు కదా, మేకు సైగ చెయ్యగానే అరచెయ్యి చూసుకుని ఏడ్చాడు. అన్నీ చెప్పింది. నేను పాఠశాలలో చెప్పేది ఏదీ వదిలిపెట్టలేదు.

పడుకునే ముందు వాడే అడిగేవాడు. మీసం తిప్పి, తన చెయ్యి తన తల మీద పెట్టుకుని, అక్క వైపు చూసేవాడు. ఆమె వచ్చి తన చెయ్యి వేసేది. అది వాడి ప్రార్థన. మొదటిసారి చూసినప్పుడు, బావ మీసాన్ని దేవుడికి అంటించావా అక్కా అని నవ్వాను. తను నవ్వలేదు. "మీ బావకి చెప్పకు, బాధపడతాడు" అంది. నేను మాట నిలబెట్టుకున్నాను, నీ ఉత్తరం వచ్చేదాకా.

వాడికి తలనొప్పి కాదు బావా.

దీని మీద నేను ఒక్క మంచి మాటా రాయలేను. రాద్దామని కూర్చుని చించేశాను. నన్ను క్షమించు.

నీ
బావమరిది


షెడ్డు నుంచి.

బావమరిదికి,

గోడ అయిపోయింది. వాడు లోపలికి వచ్చాడు. ముందు అది తెలుసుకో.

నీ ఉత్తరం వాళ్లకి చదవనివ్వలేదు. జేబులో పెట్టుకుని వెళ్లాను. పాస్టరు, "మాస్టారు రాశారా తాతగారూ?" అన్నాడు. రాశాడు, చేసి చూపిస్తాను, లేవండి అన్నాను. గుడి మధ్యలో నిలబడి మీసం తిప్పాను. మడమతో నేల తన్నాను. బెంచీలు అదిరాయి. ఇది నేను అన్నాను. మళ్లీ మీసం తిప్పాను. ఈసారి తన్నలేదు. చెయ్యి పెట్టడానికి తల కావాలి కదా. దగ్గర ఉన్నది దర్జీ తల. దాని మీద పెట్టాను. ఇది దేవుడు అన్నాను. వాళ్లమ్మ వాడికి ఇలా చూపించింది, మేకులతో సహా, వాడు రోజూ ఇలాగే అడిగేవాడు, అంతే నాకు తెలిసింది అన్నాను.

దర్జీది బట్టతల. వేడిగా ఉంది. మనిషి తల ఇంత వేడిగా ఉంటుందని నాకు తెలియదు.

వాడు నా చెయ్యి తోసెయ్యలేదు. అలాగే నిలబడ్డాడు. నేనే తీశాను. వాడు కళ్లజోడు తుడుచుకోలేదు. "జరపండి" అన్నాడు. బయటికి వచ్చాక మెట్ల మీద, "మా తమ్ముడి దాకా జరపమంటే జరుపుతారా బాబాయ్?" అని అడిగాడు. అడగరా, నేను నీ పక్కన నిలబడతా అన్నాను. వాడు తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. అడగడు. వాడికి ధైర్యం లేదు. తమ్ముడు బయటే ఉన్నాడు.

మేస్త్రీ దారం కట్టేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. "తాతా, మూల దగ్గర ఇంకొకరికి చోటుంది, దాన్నీ లోపలికి లాగనా? మీ వాళ్లిద్దరి పక్కన మీకు బాగుంటుంది" అన్నాడు. వద్దన్నాను. గోడ వాడి పక్కనుంచే పోనీ, ఆ చోటు బయటే ఉండనీ అన్నాను. ఎవరికి అన్నాడు. నాకు అన్నాను. దర్జీ తమ్ముడు ఒక్కడే ఉన్నాడు కదా అటు. మేస్త్రీ నవ్వాడు, హాస్యం అనుకున్నాడు.

నువ్వు హాస్యం అనుకోకు. పాస్టరుకి కూడా రాసి పెట్టు, నేను పోయాక గొడవ పడకుండా. నీ పాఠం నేను మళ్లీ చదివాను. అందరికీ కనబరచబడింది, సాకు చెప్పడానికి వీలు లేదు అన్నావు. మొదటిసారి నా కొడుకు గురించి రాశావనుకుని కొట్లాడాను. వాడు చూశాడు. ఆకాశం చూశాడు, తల్లి చేతిలో చూశాడు, నా మొహంలో కూడా వెతుక్కున్నాడు. నాకు రెండు చెవులూ పని చేస్తాయి. మీ అక్క ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం విన్నాను. రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి ఆ రోజు. నేను మాత్ర కోసం కిందికి పోయాను.

ఓదార్పు రాయకు. రాస్తే చదవను.

గోడ పక్కన ఎక్కి నిలబడే సారువ కట్టడానికి చెక్కలు చాల్లేదని మేస్త్రీ అడిగితే, షెడ్డు నేల ఊడదీసి ఇచ్చేశాను. మొత్తం. అన్నీ మంచి చెక్కలు, సగం వాడు చిత్రిక పట్టినవే. ఇప్పుడు దిమ్మెల మధ్య ఒట్టి మట్టి ఉంది. నిన్న అలవాటు కొద్దీ ఒక తొక్కు తొక్కాను. అదరలేదు.

నీ బావ